తాడు పట్టుకుంటేనే వచ్చే పాట

"మామ్మా, ఆ రోజు లైబ్రరీలో ఏటైనాదో సెప్పవా? నాకు డూటీ పడిపోనాది, రానేకపోయేను. ఫోన్లో రికార్డింగు పెట్టీసేను, సెప్పు."

పెట్టీసేవా అప్పుడే? మీ అమ్మ సెప్పనేదేటి నీకు? సెప్పినాది గానీ నా నోటంట ఇనాలంటావా? సరే, ఆ ఫ్యాను కాస్త తగ్గించు. ఆ గాలి సప్పుడుకి నా మాట నాకే ఇనపడదు.

ముందు పాట సంగతి సెప్పాల నీకు. పెద్దవల నువ్వు సూడనేదు కదా. ఇప్పుడంతా ఇంజిను బోట్లు, హార్బరు, ఐసు, లారీలూను. మా రోజుల్లో పెద్దవలంటే, పడవ మీద వలేసుకుని సంద్రంలోకెల్లి ఇలగ సుట్టూ తిరిగి ఒడ్డుకొచ్చీసీవోరు. రెండు కొసల తాళ్ళూ ఒడ్డు మీదుంటాయి. ఈ కొసకి కొంతమంది, ఆ కొసకి కొంతమంది, ఆడోళ్ళూ మొగోళ్ళూ అందరం లాగాల. నడుములు పడిపోవాలంతే. నెత్తళ్ళు, ఆ సిన్న సేపలు, బాగా పడ్డాయనుకో, రూపాయికి తట్టడు ఇచ్చీసేవోళ్ళం. ఇప్పుడు సూడు, గుప్పెడు నెత్తళ్ళకి పెద్ద నోటు తియ్యాల. ఏటి సెప్తన్నాను? ఆఁ, పాట.

లాగేటప్పుడు ఒకడు పాడతాడు, మిగతావోళ్ళం ఐలేసా అంటాం. మా ఒడ్డుకి పాడేవోడు మీ తాత ఎల్లయ్య. అప్పటికి తాతేటిలే, మీసం కూడా సరిగ్గా రానేదు. ఆ పాటకి ఓ పద్దతుంది. తాడు పట్టుకున్న ప్రతీ మనిసినీ పేరెట్టి ఆటపట్టించాల. పేరొచ్చినోడికి రోసమొచ్చి ఇంకాస్త గట్టిగా లాగుతాడు, అదీ కిటుకు. ఇంకోటుంది. ఎవరి సరణం ఆళ్ళు పాడుకోకూడదు. నీ మీద కట్టింది ఇంకోళ్ళే పాడాల. సొంత పేరు పాడుకుంటే వల సిరుగుతాదని మావోళ్ళు గట్టిగా అనీవోరు.

నా మీద ఏటి కట్టేడో తెలుసా? పాడను, మామూలుగా సెప్తాను. నూకాలు సూపంతా నావేపే ఉంది, తాడేమో ఇసకలో పడుంది, అని. ఒట్టు, నాను ఆడేపు సూడనేదే. తలొంచుకుని నా పని నాను సేసుకుంటన్నాను. అంతమందిలో ఆ మాటనీసరికి, ఎవడ్రా ఈడని అప్పుడు తిరిగి సూసేను. అంతే, అయిపోనాది నా పని. మా అయ్య తెడ్డు పట్టుకుని ఆడి ఎంటపడ్డాడు ఒడ్డంతా. మళ్ళీ ఏడు ఆ అయ్యే దగ్గిరుండి పెళ్ళి సేసేడు.

నవ్వకు. మీ తాత ఫోటో ఒక్కటుండేది. పెద్ద తుపాన్లో గోడతోపాటు పోనాది. నువ్వు ఆయన మొకమే సూడనేదు. నాకు మిగిలింది ఆ ఒక్క సరణమే తల్లీ. అది నాను పాడుకోకూడదు, పాడినాయన లేడు.

అలగుంటే, లైబ్రరీ మేడమొచ్చినాది మనింటికి. మన ఊరి పాత వస్తువులు, ఫోటోలు, పాటలు, అన్నీ ఓ గదిలో దాస్తన్నారంట. పండగలాగ సేసి ఆ గది తెరుస్తారంట. పెద్దవల పాట మొత్తం మీకే తెలుసంట కదండి, వచ్చి పాడండి అంది. మా ఈడోళ్ళు మిగిల్నేదు మరి. మీ తాత తమ్ముడు పోలయ్య ఉన్నాడు గానీ, ఆడికి సెవుడు, నోరిప్పితే సుట్ట గురించే. ఆడి పాత వల తాడు ఆ గదికిచ్చేడు. దాన్ని ఎలగెట్టేరో సూడాలని నాతో బస్సెక్కేడు. పైకి మాత్రం, బిర్యానీ పెడతారంటొదినా, అందుకే వొస్తన్నానన్నాడు.

బస్సు కాంప్లెక్స్ కాడ దిగి ఎల్లేం. ఏసీ గదిలో నన్ను కూకోబెట్టి నోటి ముందు మైకెట్టేరు. గొంతు సవరించుకున్నాను. పాట రానేదు. ఒక్క పేరు గుర్తొస్తే ఒట్టు. మంచినీళ్ళిచ్చేరు, టీ ఇచ్చేరు. టీ బాగానే ఉంది, పాటే రానేదు. ఇన్నాళ్ళూ నా కాడుందనుకుంటన్నాను, ఆయనతోనే ఎల్లిపోనాదేమోనని ఏడుపొచ్చీసింది నాకు. ఎల్లిపోదాం పదరా పోలయ్యా అంటే ఆడికినపడదు. బిర్యానీ ఇంకా రానేదొదినా అంటన్నాడు.

మేడమేమో నా సేతులేపు సూస్తంది. సూసుకుంటే ఏటుంది, నా సేతులు కొంగు పట్టుకుని ఒకదాని తరవాత ఒకటి లాగుతన్నాయి. "మీకు తాడు కావాలేమోనండి" అని లేచింది. తాడెక్కడుంది? ఆ పక్క గదిలోనే, బల్ల మీద అందంగా సుట్టెట్టి, ముట్టుకోరాదని అట్ట రాసెట్టేరు. రాసింది ఆవిడే. ఆ అట్ట తీసి తన బ్యాగులో పెట్టీసి, తాడు భుజానేసుకుని వొచ్చీసింది. భలే మనిసి. నాకు అక్కడ నచ్చీసింది ఆవిడ.

వరండాలోకెల్లేం. మైకూ అక్కడికే తెచ్చెట్టేరు. మరి అటేపు బరువుండాల కదా? వాచ్‌మేన్ ఉన్నాడు, దిట్టమైన మనిసి, రోజూ పద్మనాభం అనే ఊర్నుంచి వొస్తాడంట. బాబూ, నువ్వు సముద్రానివి, ఒదలకు అన్నాను. సరేనమ్మా అని నడుంకి తాడు సుట్టుకుని స్తంభానికి కాలు తన్నిపెట్టేడు. ఇటేపు ముందు నాను, నా ఎనకాల మేడము, ఉద్యోగాల పరీక్షలకి సదువుకునే కుర్రోళ్ళు, అందరికన్నా ఆఖర్ని పోలయ్య.

తాడుకి ఉప్పు వాసన పోయి ఫినాయిల్ వాసనొస్తంది. అయితే ఏటి, అరిసేతులకి తెలిసిపోనాది. ఒక్క లాగు లాగేనో నేదో, పాటొచ్చీసింది. పాతోళ్ళ పేర్లన్నీ వరసగా వొచ్చీసేయి, కొండమ్మ, గురువులు, నత్తి సిమ్మాద్రి, అందరూ. ఆళ్ళయ్యాక ఈళ్ళ మీద కట్టేను.

మేడమ్మ కొంగు నడుం సుట్టిందో, ఐలేసా
రాసిన అట్ట బ్యాగులో దాసిందో, ఐలేసా
సముద్రం టిఫిను తినొచ్చిందో, ఐలేసా
కుర్రోళ్ళ సదువు కారిపోతందో, ఐలేసా

నవ్వలేక సత్తన్నారు కుర్రోళ్ళు. సంద్రం కూడా నవ్వుతంది. లోపల సదువుకునేవోళ్ళు పుస్తకాలొగ్గీసి వొచ్చి తాడు పట్టుకున్నారు. అందరి పేర్లూ అయిపోనాయి. నాదొక్కటే మిగిలింది. ఇంక సాలనుకున్నాను. మనసులో కలుక్కుమంది గానీ, పద్దతి పద్దతే కదా.

అప్పుడు ఆఖర్నుంచి ఓ గొంతొచ్చింది.

నూకాలు సూపంతా నావేపే ఉందో

మీ తాత గొంతే. ఆ సాగదీత, ఆ ఎటకారం, అన్నీ ఆయనవే. సెవుడైనా తాడు లాగుని బట్టే అందుకున్నాడు పోలయ్య. ఇన్నేళ్ళూ దాన్ని నోట్లో దాసుకున్నాడని నాకేటి తెలుసు? గబుక్కున ఎనక్కి తిరిగి సూసేను, అప్పట్లాగే. తిరిగీసరికి తాడొగ్గీసేను. నా ఎనకాలోళ్ళంతా ఒకళ్ళ మీద ఒకళ్ళు పడిపోనారు, మేడంతో సహా. పోలయ్య పడ్డం పడ్డమే, తాడేమో ఇసకలో పడుందో అని పూర్తి సేసేడు సచ్చినోడు. నాను ఏడుస్తన్నానో నవ్వుతన్నానో నాకే తెల్దు. ఎంత సంతోసమయిందో సెప్పలేను.

అదంతా రికార్డయిపోనాది. మేడం అందులోంచి ఏటీ తియ్యనేదు, పడ్డ సప్పుడుతో సహా ఉంచీసింది. ఆ గదికెల్లి మీట నొక్కితే ఎవలికైనా ఇనపడతాది. నువ్వూ ఎల్లు ఓసారి. మీ తాత మొకం సూడకపోయినా, ఆయన ఎటకారం ఎలగుంటాదో ఇను.

ఇంకేటుంది. నీ మీద కూడా ఓ సరణం కట్టేను, తెలుసా? డూటీ, డూటీ అని పరిగెడతావు కదా, దాని మీద. అది నాను పాడతాను. నాది నువ్వు నేర్సుకో. పోలయ్యా నానూ ఎన్నాళ్ళుంటాం? నీ పేరెట్టి ఆటపట్టించేవోళ్ళు నీ సుట్టూ నిండుగా ఉండాల తల్లీ, నువ్వు సల్లగుండాల.

ఫోను ఆ బల్ల మీదెట్టు, ఆపకు. ఈ తువ్వాలు కొస పట్టుకో. అలగ కాదు, రెండు సేతుల్తోటీ.

ఊఁ, లాగు.