యవ్వనస్థుల చాప

ఇంకా నయం, నాకు చేతికర్ర కొనిపెట్టమనలేదు ఆ ముత్తయ్యగారు!

కూర్చోండి అయ్యగారూ. ఆ స్టూలు మీద కాదు, దాని కాలు ఊగుతుంది. ఇటు రండి, ఈ గొర్రెపిల్లల పక్కన కూర్చోండి. పర్లేదు, దూది అంటుకోదు. పోయిన క్రిస్మస్ నాటకంలో వేసిన గొర్రెలే. చెవులు ఎలుకలు కొట్టేస్తే మళ్ళీ కుడుతున్నా.

మిమ్మల్ని ఎవరు పంపారో నాకు తెలుసులెండి. ఇందాక ఆరాధన అవగానే మన సంఘపెద్ద ముత్తయ్యగారు లేచి ఏమన్నాడు? సంఘమంతా వింటుండగా, "నలభై దాటినవాడు ఇంకా యవ్వనస్థుల అధ్యక్షుడేంటి, సాయంత్రం ఎన్నిక పెట్టండి" అన్నాడు. కుర్రాళ్ళు కిసుక్కుమన్నారు. ఆడవాళ్ళ వైపు నుంచి కూడా ఎవరో పకపకా నవ్వారు. సామ్రాజ్యమ్మే అయ్యుంటుంది, ఆవిడ నవ్వితే పైకప్పు రేకులు మోగుతాయి. అక్కడే ఉంటే ఏం మాట జారతానో అని ఈ గదిలోకొచ్చి మిషను ముందు కూర్చున్నా. నా వెనకాలే మీరొచ్చారు, నచ్చజెప్పడానికి.

ఎన్నికంట! దేశంలో ఎన్నికలే వాయిదా వేసేశారు కదండీ! ఢిల్లీకి అక్కర్లేని ఎన్నిక రేపల్లెలో ఈ గుడికి కావలసొచ్చిందా? ...అవునవును, మెల్లగా అంటాలెండి. ఎమర్జెన్సీ రోజులు, గోడలక్కూడా చెవులున్నాయి. ఈ గొర్రెలకి మాత్రం లేవు.

మీరు తెనాలి నుంచి ఈ గుడికి పాస్టరుగా వచ్చి నెల కూడా కాలేదు. మా పద్ధతి మీకెవరు చెప్పుంటారు? వినండి. ఈ సంఘంలో యవ్వనస్థుడంటే వయసుతో పనిలేదు. పెళ్ళి కాకపోతే యవ్వనస్థుడు, అయితే పెద్ద. అంతే. మీసాలు సరిగ్గా రాకుండానే పెళ్ళయి పెద్దల్లో కూర్చున్నవాళ్ళున్నారు. కూర్చున్న మర్నాటి నుంచే సమావేశాల్లో దగ్గడం కూడా నేర్చేసుకుంటారు.

అలా కూర్చోబెట్టడానికి ఓ ఆచారం ఉంది. పెళ్ళి ప్రార్థన అవగానే పెళ్ళికొడుకుని మా చాప మీంచి లేపుతాం. కుర్రాళ్ళంతా పాట ఎత్తుకుంటారు. అధ్యక్షుడు అతని చేయి పట్టుకుని నడిపించుకెళ్ళి పెద్దల చాప మీద కూర్చోబెడతాడు. ఆ అధ్యక్షుడు నేనేనండి. ఎంతమందిని నడిపించానో! ఈ మధ్య నేను నడిపించినవాళ్ళ కొడుకుల్ని కూడా నడిపించాను. ఒకడైతే చెవిలో అడిగాడు, "బాబాయ్, మా నాన్న చెయ్యి కూడా ఇలాగే చెమట పట్టిందా" అని.

ఆ గుడ్డ కొంచెం పట్టుకోండి, జారిపోతోంది. దేవదూత రెక్కండీ అది.

అధ్యక్షుడంటే దండ వేయించుకుని కుర్చీలో కూర్చోవడం అనుకుంటున్నాడు కాబోలు ముత్తయ్యగారు. డిసెంబరు వచ్చిందంటే స్టేషను ముందు నా టైలరు కొట్టుకి తాళమే. ఈ మిషన్ని రిక్షాలో వేసుకుని ఇక్కడికి తెచ్చేస్తాను. రెక్కలు నేనే కుట్టాలి, జ్ఞానుల అంగీలు నేనే కుట్టాలి. హేరోదు వేషగాడికి పొట్ట లేకపోతే ఆ పొట్టా నేనే కుట్టాలి. వెదురుబద్దలు చీల్చి నక్షత్రం కట్టాలి, పెట్రోమాక్సు లైటుకి మాంటిల్ తొడగాలి. ఇంటింటికీ పాటలకెళ్ళాక ఎవరింట్లో టీ ఇచ్చారు, ఎవరింట్లో తలుపు తియ్యలేదు అని కుర్రాళ్ళు కొట్టుకుంటే అదీ నేనే తీర్చాలి.

సహవాసం పెరగాలని బాపట్ల యవ్వనస్థులతో వాలీబాల్ పోటీ పెట్టించారు మీకు ముందున్న అయ్యగారు. సహవాసం ఎంత పెరిగిందంటే, నెట్టు చింపుకుని మెడలకి చుట్టుకున్నారు. ఆ నెట్టు కుట్టిందెవరనుకున్నారు?

అరవై రెండులో సూర్యలంక సముద్రం ఒడ్డుకి రిట్రీటుకి తీసుకెళ్ళాం. మగపిల్లలు ఉత్తరం వైపు, ఆడపిల్లలు దక్షిణం వైపు కూర్చుని మౌనంగా ధ్యానం చెయ్యాలని అయ్యగారి ఆజ్ఞ. ఎదురుగా అంత సముద్రం ఉందా, ఒక్కడైనా అటు చూస్తేనా? ఉత్తరం వాళ్ళంతా దక్షిణం చూస్తూనే ధ్యానం చేశారు. "చూశావా బర్నబాసూ, ఎంత నిశ్శబ్దమో, ఆత్మ దిగొచ్చింది" అని అయ్యగారు కళ్ళు తుడుచుకున్నారు. నేనేం అంటాను? ఆ ధ్యానఫలాలు ఇప్పుడు మన సండే స్కూల్లో పాటలు నేర్చుకుంటున్నాయి.

నవ్వారు! హమ్మయ్య. తెనాలివాళ్ళు నవ్వరేమో అనుకున్నా.

ఇంకో సంగతి గమనించారా? మన గుడిలో పెద్దల వైపు చాపలు రెండుంటాయి. ఒకటి గోడ పక్కన, ఒకటి కిటికీ పక్కన. మధ్యలో మనిషి పడుకునేంత ఖాళీ. ఎందుకని అడిగితే గాలి ఆడటానికంటారు. గాలి కాదండీ, పేటలు! గోడ పక్కది మా పడమటి పేటది, కిటికీ పక్కది తూర్పు పేటది. ప్రభువు బల్లకి వచ్చేటప్పుడు కూడా ముందెవరు లేచారో ఓరకంట చూసుకుంటారు. పైకి మాత్రం అందరం ఒకే శరీరం, ఒకే రొట్టె.

మా యవ్వనస్థుల చాప మాత్రం ఒక్కటే. అది నా పట్టుదల. మొదట్లో ఎవడి తువ్వాలు వాడు పరుచుకుని, వాడి పేటవాడి పక్కనే కూర్చునేవాడు. తువ్వాళ్ళన్నీ లాక్కుని ఒకే పెద్ద తుంగచాప వేశాను. అంచులు చిరిగితే నా కొట్టులో మిగిలిన గుడ్డముక్కలతో నేనే కుట్టాను. ఆ చాప మీద రెండు పేటల పిల్లలూ ఒకడి తొడ మీద ఒకడు కాలేసుకుని కూర్చుంటారు. ఒకే పొట్లంలో మరమరాలు తింటారు, ప్రసంగం జరుగుతుండగా.

పెళ్ళయ్యాక ఏమవుతుందో చెప్పనా? ఆ ఇద్దర్నీ నేనే చేయి పట్టుకుని తీసుకెళ్ళి, ఒకణ్ణి గోడ పక్కన, ఇంకొకణ్ణి కిటికీ పక్కన దించి వస్తాను. పాట పాడుకుంటూ! ఇన్నేళ్ళుగా నేను చేసిన సేవ ఇదండి. ఐక్యత నేర్పడం, బాగా నేర్చుకున్నాక ఎవడి చాప మీద వాణ్ణి దించి రావడం.

ఏంటండీ? నాకెందుకు కాలేదంటారా, పెళ్ళి?

మీరు కుర్రవాళ్ళు, మొహమాటపడుతూనే అడుగుతారు. చెప్తాను. నాకు పాతికేళ్ళప్పుడు క్రిస్మస్ పాటలకని బాపట్ల నుంచి చంద్రకళ అనే అమ్మాయి వచ్చేది. ఇక్కడ మేనత్త ఇంట్లో దిగేది. మా గొంతులకి జతగా రెండో గొంతు పాడేది. నేను హార్మోనియం మెట్లు చూసుకోకుండా ఆవిణ్ణే చూస్తుంటే, "బర్నబాసు గారూ, పాట ఒకటి, మీరు వాయించేది ఒకటి" అనేది. అదే మా సంభాషణ మొత్తం. ఆ ఒక్క మాట కోసం ప్రతి ప్రాక్టీసులోనూ తప్పు వాయించేవాణ్ణి.

ఓ రోజు వాళ్ళ నాన్న రైలు దిగి నా గురించి వాకబు చేస్తున్నాడని తెలిసింది. ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని కొట్టులో కూర్చున్నా. సాయంత్రం రైలుకి ఆయన వెళ్ళిపోయాడు. ఏ కబురూ లేదు. నచ్చలేదేమో అనుకున్నా. వాళ్ళది తూర్పు పేట చుట్టరికం కదా, మనసొప్పలేదేమో అనుకున్నా. ఆ పై ఏడాది మన దేవదానానికిచ్చి చేశారు. అప్పుడు మా ఉపాధ్యక్షుడు వాడు. కిటికీ చాప మీద కూర్చుంటాడే, బట్టతల ఆయన, ఆయనే.

వాణ్ణీ నడిపించానండీ! ఎందుకు నడిపించను? పాట కూడా నేనే ఎత్తుకున్నాను. ఆ రోజు శ్రుతి తప్పలేదు.

సరే, అదంతా పాత సంగతి. పోయిన నెలలో చంద్రకళమ్మగారు కూతురి నిశ్చితార్థానికి జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చింది. కొలతలు చెప్పి, బయల్దేరబోతూ నవ్వుతూ అంది, "మా నాన్న ముందు మిమ్మల్నే అడుగుదామని వచ్చాడండీ అప్పట్లో. మీరు పెళ్ళి చేసుకోనని దేవుడి ముందు ఒట్టు పెట్టారంటగా!" అని.

నేనెప్పుడు ఒట్టు పెట్టానమ్మా అన్నాను. "ముత్తయ్యగారే కదా చెప్పింది! స్టేషను దగ్గరే మా నాన్నకి కనబడి, ఆ అబ్బాయి సేవకే అంకితమయ్యాడు, కదపకండి అన్నారంట."

ఆవిడ వెళ్ళిపోయింది. ఆ జాకెట్టు చేతులు రెండూ ఒకే వైపుకి కత్తిరించాను. ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెయ్యలేదండి అలాంటి తప్పు.

నేరుగా ముత్తయ్యగారింటికి వెళ్ళాను. అరుగు మీద కూర్చుని పల్లీలు తింటున్నాడు. అడిగాను. కొంచెం సిగ్గుపడతాడేమో అనుకున్నా. అబ్బే! "అవునురా, అన్నాను. ఆ పేట సంబంధం మనకెందుకు? అయినా నీకు పెళ్ళయితే నక్షత్రం ఎవరు కడతారు?" అన్నాడు. పల్లీలు కూడా పెట్టబోయాడు, తిను తిను అని.

నక్షత్రం కోసమంట! నేను పెళ్ళి చేసుకుంటే ఏంటి, వెదురు దొరకదా?

నాకు ఒళ్ళు మండిపోయింది. అప్పుడే కమిటీలో లేచి చెప్పాను, ఈ క్రిస్మస్‌కి పెద్దలక్కూడా ఒకటే చాప వెయ్యాలి అని. యవ్వనస్థులు చెయ్యగలిగింది పెద్దలు చెయ్యలేరా అన్నాను. ఎవరూ కాదనలేదు. ఎవరూ అవుననలేదు. అందరూ దగ్గారు. ఆ మాటన్న మూడో ఆదివారం, అంటే ఇవాళ, నా వయసు గుర్తొచ్చింది ముత్తయ్యగారికి. అర్థమైందా అయ్యగారూ, ఇవాళ్టి ఎన్నిక ఎక్కడి నుంచి పుట్టిందో? పోటీకి ఎవర్ని పెట్టారు? వాళ్ళ అన్న మనవణ్ణి, దైవసహాయాన్ని.

ఏంటీ? నన్ను గౌరవంగా పెద్దల్లో చేర్చుకుంటారా? సంతోషమేనండి. ఏ చాప మీద?

...చూశారా, నా కత్తెర తీసి తిప్పుతున్నారు. మీ తప్పు కాదులెండి. తెనాలి గుడిలో బెంచీలుంటాయి.

ఆ కత్తెర ఇలా ఇవ్వండి.

మీతో అబద్ధమెందుకు? పదవి కోసం కాదండీ నా ఏడుపు. వెదురు చీల్చితే ఇప్పుడు బద్ద వంకరగానే వస్తోంది నాకు. దైవసహాయం మంచి కుర్రాడే. గొంతు బాగుంటుంది, కొంచెం సోమరి. ఎన్నికెందుకు, చేతులెత్తించడమెందుకు? సాయంత్రం దాకా ఆగకుండా, గుడిలో ఇంకా కూర్చున్నవాళ్ళకి ఇప్పుడే మీరు చెప్పండి, బర్నబాసు దిగిపోతున్నాడని. నక్షత్రం కట్టడం కూడా వాడికి నేర్పుతాను. పెళ్ళి సంబంధం వస్తే మాత్రం వాణ్ణి చేసుకోనివ్వమనండి, నక్షత్రం సంగతి తర్వాత చూసుకోవచ్చు.

నాకు భయం దేనికంటే... ఎలా చెప్పాలి? మా చాపకీ పెద్దల చాపకీ మధ్య ఎంత దూరం? పెళ్ళికొడుకుల్ని తీసుకెళ్ళేటప్పుడు పాట సగంలో ఉండగానే అయిపోయేది. అదే దూరం నేను ఒక్కణ్ణే, అందరూ చూస్తుండగా నడవాలంటే నా వల్ల కాదండి.

అందుకని ఒక్కటి అడుగుతాను, కాదనకండి. నన్ను కూడా పాట పాడి తీసుకెళ్ళమనండి. పెళ్ళి లేకుండా పాటేంటి అని ముత్తయ్యగారు అంటాడు, అననీయండి. కొత్త అధ్యక్షుడే వచ్చి నా చేయి పట్టుకోవాలి. ఆయన మనవడైనా సరే. ఈ గుడిలో అందరి చేతులూ పట్టుకున్నానండీ నేను. నా చేయి పట్టుకుని ఒక్కళ్ళూ ఎక్కడికీ తీసుకెళ్ళలేదు.

ఏంటండీ అయ్యగారూ, మీరు కళ్ళు తుడుచుకుంటున్నారేంటి? దూది పడిందా? చెప్పానుగా, ఆ గొర్రెకి అంత దగ్గరగా కూర్చోవద్దని... లేదు, చెప్పలేదు కదూ. నేనే కూర్చోమన్నాను.

సరే పదండి. ఆ మూలనున్న చాప చుట్టి ఇలా ఇవ్వండి. అదేనండీ, గుడ్డ అంచులది. కుర్రాళ్ళకి కొత్తది తెచ్చి వేశాలెండి. ఇది నాతో వస్తుంది. ఓ చెయ్యి దైవసహాయం పట్టుకుంటాడు, రెండో చంకలో ఇది పెట్టుకుంటాను. గోడకీ కిటికీకీ మధ్య ఆ ఖాళీ ఉంది చూడండి, సరిగ్గా అక్కడ పరుస్తాను.

ఎవరొచ్చి కూర్చుంటారంటారా? చూద్దాం. ఎవరూ రాకపోతే ఒక్కణ్ణే కూర్చుంటానండి. అలవాటే కదా.