మీ అమ్మ బీపీ కార్డు

"పిన్నీ, ఆస్పత్రిలో డాక్టరు గారికి అమ్మ మాత్రల సంగతి నువ్వే చెప్పావంటగా?"

అవును, నేనే చెప్పాను. ఎవరన్నారే? మీ అమ్మేనా? చెప్పిద్దిలే, నన్ను తిట్టుకుంటా చెప్పుంటది. కూర్చో ప్రశాంతీ, బాపట్ల నించి వచ్చి గుమ్మంలో నిలబడతావేంటి? నాకు ఒళ్ళు మండిపోతోంది. సగం మా అక్క మీద, సగం నా మీద.

నెలకో మంగళవారం నర్సమ్మ వచ్చి మన చర్చి వరండాలో బల్లేసుకుని బీపీ చూసిద్ది కదా. కార్డులో రాసిద్ది. ఎక్కువుందా, ఇహ చూడు, "ఏమ్మా, మాత్రలు నువ్వు మింగుతున్నావా, కోళ్ళకేస్తున్నావా" అని అందరి ముందూ అరుపులు. ఆవిడ గొంతు వింటేనే నాకు చెయ్యి చాపబుద్ధయ్యేది కాదు. మీ అమ్మకి మటుకు ఎప్పుడూ బాగానే వచ్చేది. ఎందుకో చెప్పనా? నర్సమ్మ వచ్చే ముందు నాలుగు రోజులు, కాదు కాదు, వారం, వారం రోజులు బుద్ధిగా వేసుకునేది. పచ్చడి కూడా ముట్టేది కాదు. చూపించుకుని ఇంటికొచ్చాక డబ్బా బీరువా మీద పడేసేది. మళ్ళీ మూడు వారాలు దాని మొహం చూస్తే ఒట్టు! ఎండుచేప, ఊరమిరపకాయలు, మాగాయ, వేటికీ లోటు లేదు. ఏంటక్కా ఇది అంటే, "ఒంట్లో బానే ఉంది కదే, ఊరికే మందులకి అలవాటు పడితే ఎట్టా" అనేది. బీపీ ఏమన్నా చెప్పి వచ్చిద్దా?

నర్సమ్మేమో చర్చిలో స్త్రీల కూటంలో మీ అమ్మ కార్డు పైకెత్తి, "సుగుణమ్మ గారిని చూసి నేర్చుకోండి" అన్నది. అందరూ చప్పట్లు. మేమిద్దరం ఐదో తరగతితో ఆపేసినోళ్ళం, మంచి మార్కులు మాకెప్పుడొచ్చినయ్యి చెప్పు? మీ అమ్మ పొంగిపోయింది. ఇహ నిజం ఎట్టా ఒప్పుకుంటది? నేను వెనక చాప మీద తల దించుకుని కూర్చున్నా. నలుగురిలో నాకు నోరు పెగలదని తెలుసుగా నీకు. ఆ సిగ్గు తగలెయ్య!

మా అమ్మ, అదే మీ అమ్మమ్మ, నువ్వు చూళ్ళేదులే, కర్లపాలెం దగ్గర నాట్లకి పోయి గట్టు మీద కూర్చున్నది కూర్చున్నట్టే పోయింది. యాభై కూడా లేవు. అప్పట్లో కూలి ఎంతని... సరే, అదెందుకులే ఇప్పుడు. ఎండదెబ్బ అన్నారు. గుండె అని ఎవరికి తెలుసు? కానీ అక్కకి నర్సమ్మ చెప్పింది కదా, కన్నతల్లికి అట్టా అయితే పిల్లలు ఇంకా జాగ్రత్తగా ఉండాలని!

మొన్న చలికాలంలో ఓ పొద్దున దవడ లాగుతోంది, వీపు బరువుగా ఉంది అన్నది మీ అమ్మ. ఒళ్ళంతా చెమటలు. పక్కింటావిడ "గ్యాసు వదినా, సోడా తాగు" అంటది. సోడా అంట, సోడా! నేనే అంబులెన్సుకి ఫోన్ చేయించి తెనాలి తీసుకెళ్ళా. సమయానికి తెచ్చారన్నారు.

రెండోనాడు డాక్టరు గారు కార్డు చూశారు. "రోజూ వేసుకుంటూ కూడా ఇట్టా అయిందంటే ఇంకో మందు కలపాలి" అన్నారు. "రోజూ వేసుకుంటానండి" అన్నది మీ అమ్మ. ఒంటి నిండా వైర్లు పెట్టుకుని అబద్ధం! నా వంక చూసింది, చెప్పొద్దని. నేను డాక్టరు గారి ముందుకొచ్చా ప్రశాంతీ. "లేదండి, వేసుకోదండి, నర్సమ్మ వచ్చే వారమే వేసుకుంటదండి" అన్నా. అరిచానంట, పక్క మంచమాయన లేచి కూర్చున్నాడు.

డాక్టరు గారు కోప్పడలేదు. "ఇది ముందే తెలిస్తే బాగుండేదమ్మా" అన్నారు. అంతే. లాగి కొట్టినా అంత నొప్పి ఉండదు. తిట్టకుండా అడిగే మనిషి ముందే ఒకళ్ళుంటే మా అక్క దాచేదా? నేనన్నా చెప్పానా?

ఇప్పుడు మాత్ర రోజూ వేసుకుంటోంది. ఎండుచేప మానేసింది. నాతో మాట్లాడటం కూడా మానేసింది, పరువు తీశానంట. రెండు నెలలయింది.

నీకూ ముప్పై దాటినయ్యి, నువ్వూ చూపించుకో. ఎంతుంటే అంత రాయించుకో, ఎవరేమన్నా సరే. దేవుడు నిన్ను చల్లగా చూడాలి తల్లీ... ఇదిగో, వీధిలో మీ అమ్మే, నడకకి బయల్దేరింది. మనల్ని చూసింది. చూడు, మొహం తిప్పుకుని ఎట్టా విసవిసా పోతోందో! మొన్నటిదాకా గుమ్మం దిగితే ఆయాసం. పిలవకు, పిలవకు. పోనియ్యి. అట్టాగే నడవనియ్యి...