ఉప్పునీటి ఉద్ధృతిని ముందే పసిగట్టిన అక్కగారు

పంతొమ్మిది వందల తొంభై రెండు జూలై ఆరవ తేదీన మా భూగర్భ పరిశోధన విభాగంలో సహాయ శాస్త్రవేత్తగా చేరి, నేడు విభాగాధిపతిగా పదవీ విరమణ చేస్తున్న మా మాన్య సహోద్యోగిని కార్యాలయంలో అందరూ ‘అక్కగారు’ అనే పిలుస్తారు. ఇదే సంస్థలో డ్రిల్లర్‌గా పనిచేసిన ఆమె తమ్ముడి పిలుపు క్రమంగా అందరి నోటా స్థిరపడింది.

ఆమె చేరిన తొలి సంవత్సరాల్లోనే చమురు కోసం తవ్వుతున్న ఒక లోతైన బావిలో ఉప్పునీరు హఠాత్తుగా ఎగదన్ని, ఇద్దరు కార్మికులు తీవ్రంగా గాయపడ్డారు. రాతిపొరల నడుమ యుగాలుగా చిక్కుకుపోయిన ఆ నీరు, పైపొరల భారాన్ని మోస్తూ, దారి దొరకగానే విజృంభిస్తుంది. వారిని ఆసుపత్రిలో పరామర్శించి వచ్చిన నాటి నుండి అక్కగారికి మరో ధ్యాస లేదు. భూమిలోకి పంపిన ధ్వని తరంగాలు అటువంటి పొరల్లో మందగిస్తాయన్న సూత్రం ఆధారంగా, ప్రమాదం ఏ లోతులో పొంచి ఉందో ముందుగా అంచనా వేసే పద్ధతిని ఏళ్ల తరబడి శ్రమించి రూపొందించారు.

దానికి అసలైన పరీక్ష తమ్ముడు పనిచేస్తున్న బావి దగ్గరే ఎదురైంది. దిగువన అధిక పీడన మండలం ఉందని, తవ్వకం ఆపి, ఉక్కు పైపు దించి సిమెంటు చేశాకే, నీటి ఒత్తిడిని అదిమేందుకు బావిలో నింపే చిక్కటి బురద ద్రవం, అంటే మడ్, బరువు పెంచి ముందుకు సాగాలని ఆమె కోరారు. పైపు లేకుండా బరువు పెంచితే పైనున్న బలహీనమైన రాయి పగులుతుంది; ఆపితే పని ఎంతో వెనుకబడుతుంది. డ్రిల్లింగ్ చీఫ్‌కు అది మింగుడుపడలేదు.

“తమ్ముడున్నాడని భయపడుతున్నారేమోనమ్మా,” అన్నారాయన మొహమాటంగా.

ఆ మాట ఆమెకు గుచ్చుకుంది. తన భయమే అంచనాలో చొరబడిందా అని క్షణకాలం ఆమెకూ అనుమానం కలిగింది. పక్కనున్న తమ్ముడు అందుకున్నారు.

“సార్, మా అక్క నాకోసం భయపడే మనిషి కాదు. చిన్నప్పుడు నేను గోడెక్కితే అవతలికి దూకమనేది. ఇప్పుడు ఆపమంటోందంటే ఆపడమే మంచిది.”

చీఫ్ ఆపించారు.

పైపు దిగాక, బరువు పెంచిన మడ్‌తో తవ్వకం మళ్లీ మొదలైన రోజు అక్కగారు కంట్రోల్ గదిలోంచి కదల్లేదు. ఉప్పునీరు ఆమె చెప్పిన లోతుకు ముప్పై మీటర్లు పైనే తగిలింది. అయితే బరువైన మడ్ ఆ ఒత్తిడిని అదిమిపట్టింది; పీడనం చూపే ముల్లు కాస్త లేచి, నిలకడగా ఆగింది. ఆ వెంటనే ఆమెకు ఎక్కిళ్లు పట్టుకున్నాయి. పని మరొకరికి అప్పగించి వచ్చిన తమ్ముడు మంచినీళ్లు అందించారు.

“ఎవరో తలుచుకుంటున్నారక్కా.”

“ఎవరో ఏంట్రా, చీఫ్ గారే. ముప్పై మీటర్లు తప్పానని తిట్టుకుంటూ ఉంటారు.”

“తిట్టుకోవట్లేదమ్మా,” అంటూ చీఫ్ గుమ్మంలో నిలబడ్డారు. “ఆ రోజు మీ మాట వినకపోయుంటే ఏమయ్యేదా అని కాళ్లు వణుకుతున్నాయి. కాస్త జరగండి, కూర్చుంటాను.”

ఆ ముప్పై మీటర్లు అక్కగారిని చాలాకాలం వదల్లేదు. తవ్వుతున్న కొద్దీ అంచనాను సవరించుకునే విధానాన్ని ఆ తరువాత తమ పద్ధతికి జతచేసి, విభాగాధిపతిగా ఒక తరం శాస్త్రవేత్తలకు నేర్పించారు. ఆమె పర్యవేక్షించిన ఏ బావిలోనూ ఉప్పునీటి వల్ల ఒక్కరూ గాయపడలేదన్నది మాకెంతో ఊరట.

ఏ వేళ తవ్వకం జరిగే రిగ్ నుంచి ఫోను వస్తుందోనని ఇన్నేళ్లూ కలతనిద్రతో సరిపెట్టుకున్న అక్కగారు ఇకనైనా కంటినిండా నిద్రపోవాలని, భర్త, కూతుళ్ల మధ్య తీరిగ్గా నవ్వుతూ గడపాలని, పని ముగించి క్షేమంగా ఇల్లు చేరిన మా అందరి ఆయుష్షూ పోసుకుని చిరకాలం ఆరోగ్యంగా వర్ధిల్లాలని మనసారా కోరుకుంటున్నాము.