ట్రాము డ్రైవరు చేసిన బల్ల

గోథెన్‌బర్గ్‌లో ఒక పాత అపార్ట్‌మెంటు. ఏప్రిల్‌లో అందరూ కలిసి పెరడు ఊడ్చుకునే శనివారం. సెల్లారులో, ఉమ్మడి వడ్రంగి గదికి లోపల్నుంచి గడియ పడి ఉంది. లోపల యోస్తా, బయట కమిటీ పెద్ద గున్వోర్.

“తలుపు తీస్తారా, పగలగొట్టించనా?”

“ఒక్క అరగంట, గున్వోర్ గారూ. ఒక్క అరగంట ఆగండి.”

“ఇందాకా అరగంటే అన్నారు. పెరట్లో చెత్త తొట్టి సగం నిండింది. మధ్యాహ్నం బండొచ్చి ఎత్తుకుపోతుంది. ఆలోగా ఈ డ్రిల్లు మిషను అందులో పడాలి. మొయ్యడానికి ఇద్దర్ని మెట్ల మీద నిలబెట్టి వచ్చాను.”

“వాళ్ళని వెళ్ళి పెరట్లో కాలుస్తున్న సాసేజీలు తినమనండి. వేడిగా ఉన్నప్పుడే బాగుంటాయి.”

“మాట మార్చకండి, యోస్తా గారూ. తియ్యండి.”

“తీస్తాను. మీరొక్కరే రావాలి.”

“సరే, ఒక్కదాన్నే.”

“రండి... అయ్యో, ఆ చెక్క తొక్కకండి!”

“ఓరి దేవుడా. ఏమిటీ అవతారం? తల నిండా రంపపు పొట్టు. పైగా మీ ఆవిడ మార్గిత్ ఏప్రను. ఆ వేలికి కట్టేమిటి?”

“ఏం లేదు, గీసుకుంది. అది కాదు, ఇటు చూడండి. బల్ల.”

“ఏ బల్ల?”

“డ్రిల్లు మిషనుకి. మీటింగులో మీరే అన్నారు కదా. చెక్క బల్ల, వెనక చెక్కని ఆనించే పట్టీ, దాన్ని బిగించడానికి క్లాంపులు, ఇవన్నీ ఉంటే మిషను ఉంచుదాం, లేకపోతే తొట్టిలోకే అని.”

“మాటవరసకి అన్నాను! అయినా ఎవరో వడ్రంగిని పిలిపిస్తారనుకున్నాను గానీ మీరు చేస్తారని కలలో కూడా అనుకోలేదు.”

“ఎందుకనుకోలేదు?”

“ఎందుకేమిటి? జన్మంతా ట్రాము నడిపారు. పట్టాలు ఎటు తీసుకెళ్తే అటు పోవడమే, చక్రం తిప్పే పని కూడా లేదు. మీ ఇంట్లో బల్బు పోతే నిచ్చెనెక్కేది మార్గితే. మా ఆయనకి మేకు మొన ఎటో తెలీదు అని మాకు చెప్పి నవ్వేది కూడా ఆవిడే.”

“ఇప్పుడు తెలుసు. మేకులు కాదు, బోల్టులు వేశాను. కింద మిషను ఇనప పీటకి బిగించాను, చూడండి. ఊపి చూడండి. ఊగదు.”

“ఊగదు, సరే. ఇంత వెడల్పెందుకు?”

“ఎంత వెడల్పుంటే అంత భద్రం కదా.”

“పీటని పైకీ కిందకీ జరిపే హ్యాండిలుంది కదా పక్కన. అది తిప్పండి.”

“దేనికి?”

“తిప్పండి, చూద్దాం.”

“... తగులుతోంది.”

“తగలదా మరి? మీ బల్ల అంచు దానికి అడ్డం. సగం చుట్టు కూడా తిరగదు. పీట జరక్కపోతే మందపు చెక్క పెట్టలేరు, పల్చటిదీ పెట్టలేరు. మార్గిత్ దగ్గర మంగళవారాలు వడ్రంగం నేర్చుకున్న వాళ్ళందరం మొదటిసారి చేసిన తప్పే ఇది. మోజుకొద్దీ బల్ల పెద్దది చేసేస్తాం, హ్యాండిలు సంగతి గుర్తుండదు.”

“ఇప్పుడెలా? అంచు కోసేస్తాను. కోసేయనా? ఇక్కడిదాకా కోస్తే...”

“రంపం కింద పెట్టండి! ఆ చేత్తోనా? వేలికి కట్టుంది, చూసుకోండి. యోస్తా గారూ, నా మాట వినండి. పోతే పోయిందనుకోండి మిషను.”

“పోకూడదు.”

“పోయిన నెల ఏం జరిగిందో నేను కళ్ళారా చూశాను. చెక్కని ఉత్తి చేత్తో పట్టుకుని డ్రిల్లు దించింది మార్గిత్. డ్రిల్లు పట్టేసింది. చెక్క గిర్రున తిరిగి ఆవిడ మణికట్టు మీద కొట్టింది. రక్తం ఆపింది నేను. ‘క్లాంపు లేకుండా మిషను ముట్టుకుంటే మీ వేళ్ళు నేనే విరగ్గొడతాను’ అని మా అందరికీ నేర్పిన మనిషి, ఆవిడే మర్చిపోయింది. ఇంకోసారి వేళ్ళే పోతే ఎవరు జవాబు చెప్తారు?”

“అందుకే ఈ బల్ల. క్లాంపులు దీనికే ఉంటాయి, కళ్ళెదురుగా. మర్చిపోదామన్నా కుదరదు.”

“అసలు ఆవిణ్ణి ఈ గదికి తీసుకురావడం మానెయ్యకూడదూ? పైన ఇంట్లోనే, హాయిగా, కిటికీ దగ్గర కూచోబెట్టి...”

“పైన నేనెవరో తనకి తెలీదు.”

“ఏమిటీ?”

“పైన, మా ఇంట్లో. కాఫీ ఇస్తే ‘థాంక్సండీ, ఎంతివ్వాలి’ అంటుంది. పక్కమీద పడుకోబోతే లేచి కూచుని కేకలేస్తుంది. శీతాకాలం నుంచీ హాల్లో సోఫాలోనే నా పడక. పొద్దున్నే లేచి, ఈయనింకా వెళ్ళలేదా అని నన్నే అడుగుతుంది.”

“అయ్యో. ఒక్క మాట చెప్పలేదేం ఎవరికీ?”

“ఏమని చెప్పను? కట్టుకున్న పెళ్ళాం నన్ను చూసి భయపడుతోందని చెప్పనా? వృద్ధుల హోములో చేర్చమంటారు మీరంతా. పేరు రాసుకున్నారు మునిసిపాలిటీ వాళ్ళు. అక్కడ వడ్రంగి గది ఉండదు, గున్వోర్ గారూ.”

“గది ఉంటే ఏమిటట?”

“ఇక్కడ తెలుసు తనకి. ఈ మెట్లు దిగి, ఈ చెక్క వాసన ముక్కుకి తగిలిందా, వెనక్కి తిరిగి తిన్నగా నా కళ్ళలోకి చూసి, ‘యోస్తా, దేన్నీ ముట్టుకోకు’ అంటుంది.”

“అది ఎప్పుడూ అనే మాటే కదా.”

“పెళ్ళయిన దగ్గర్నుంచీ అంటున్న మాటే. అప్పుడు ఒళ్ళు మండేది. ఇప్పుడు ఆ మాట కోసమే బతుకుతున్నాను. ఈ గదిలో ఓ గంటసేపు నేను యోస్తాని. మిషను తీసేశారంటే తర్వాత రంపాలు తీసేస్తారు, ఆ తర్వాత సైకిళ్ళు పెట్టుకుంటారు. ఆ గంట కూడా పోతే నేనేమైపోవాలి? పరువు వదిలేసి అడుగుతున్నాను మిమ్మల్ని. ఏం చెయ్యమంటే అది చేస్తాను. పెరడంతా నేనే ఊడుస్తాను ఏడాది పొడుగునా.”

“ఊరుకోండి. మగాళ్ళు ఏడిస్తే నేను చూడలేను. ఊరుకోమంటున్నానా... ఆ రీపర్లు ఇలా ఇవ్వండి.”

“రీపర్లా?”

“గోడకి ఆనించి ఉన్న ఆ సన్న కర్రలు. ఇనప పీట మీద రెండు రీపర్లు పరిచి, వాటి మీద మీ బల్ల పెడితే బల్ల ఎత్తవుతుంది. హ్యాండిలు దాని కింద సుఖంగా తిరుగుతుంది. కొయ్యక్కర్లేదు, ఏమీ అక్కర్లేదు. బోల్టులు విప్పండి. పొడుగువి ఆ డబ్బాలో ఉంటాయి.”

“అంటే... మిషను...”

“ముందు విప్పండి. మార్గిత్ ఎవరి దగ్గరుంది?”

“పెరట్లోనే, అందరితో ఆకులు పోగుచేస్తోంది. కిటికీలోంచి చూడండి, ఎర్ర బూట్లు. అవి కనిపిస్తున్నంతసేపూ నా ప్రాణం కుదుటగా ఉంటుంది.”

“ఈ సెల్లారు కిటికీలోంచి కాళ్ళు తప్ప మనిషి కనిపించదు కదా.”

“కాళ్ళు చాలు నాకు.”

“ఇదిగో, మధ్యలో ఈ చదరపు ముక్క... అతికించేశారా?”

“బాగా జిగురు పెట్టి. చచ్చినా ఊడదు.”

“ఊడాలి నాయనా! చెక్కని తొలిచేసిన డ్రిల్లు దిగేది దీంట్లోకే. చిల్లులు పడి పాడయ్యాక ఇది తీసి కొత్తది వేసుకోవాలి. అందుకే విడిముక్క పెడతారు. ఏ పుస్తకంలోనైనా జిగురు పెట్టమని రాశారా?”

“లేదు. ఊడిపోతుందేమోనని నాకే భయమేసింది. ఈమధ్య నాకన్నిటికీ అదే భయం.”

“సర్లెండి. ఉలి ఇవ్వండి, మెల్లిగా లేపుదాం. ఇంకా ఆరలేదు, అదృష్టవంతులే. ఆ, వచ్చేసింది. ఇప్పుడు బల్ల ఎత్తండి. రీపరు ఇటు. మీవైపు బిగించండి, మరీ బిర్రుగా కాదు. ఇప్పుడు తిప్పండి హ్యాండిలు.”

“తిరుగుతోంది. గున్వోర్ గారూ, తిరుగుతోంది!”

“నెమ్మది, ట్రాము కాదు. పట్టీ మట్టం చూశారా?”

“చూశాను. నమ్మకం లేక మళ్ళీ చూశాను.”

“బాగుంది. ఉత్తినే అనడం లేదు, నిజంగా బాగుంది. ఈ అంచులు మీరే నునుపు చేశారా?”

“తను మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు దిగి వచ్చేవాణ్ణి. మొదటి రెండు బల్లలూ పొయ్యిలోకి పోయాయి. ఇది మూడోది.”

“ఓయ్, మెట్ల మీదున్న వాళ్ళూ! మీరెళ్ళిపోండి. మిషను కదలదు. కమిటీకి నేను చెప్పుకుంటాను.”

“గున్వోర్ గారూ...”

“ఏమీ అనకండి. ముక్కు తుడుచుకోండి ముందు.”

“మీ రుణం ఎలా... బూట్లేవి?”

“ఏ బూట్లు?”

“ఎర్ర బూట్లు. కిటికీలో లేవు. మార్గిత్! మార్గిత్!”

“కంగారుపడకండి, గేటు దగ్గర మనవాళ్ళున్నారు...”

“పోయినవారం ట్రాము స్టాపులో దొరికింది, కోటు కూడా లేకుండా. తప్పుకోండి, నేను... తప్పుకోండి!”

“ఎవరండీ అది, మనిషిని తోసుకుంటూ? మెట్ల దగ్గర నిదానం.”

“మార్గిత్! హమ్మయ్య. ఎలా వచ్చావమ్మా నువ్వు?”

“మెట్లు దిగి వచ్చాను గున్వోర్, ఇంకెలా వస్తారు? కొత్తగా కోసిన చెక్క వాసన పెరటిదాకా కొడుతోంది, ఎవరు పనిచేస్తున్నారా అని దిగాను. ఓహో. ఏమిటిది?”

“డ్రిల్లు మిషనుకి బల్ల, మార్గిత్.”

“నువ్వు మాట్లాడకు గున్వోర్, చూడనీ. రీపర్లు వేసి ఎత్తారు. తెలివైన పని. పట్టీ మట్టంగా ఉంది. అంచు తడిమితే చేతికి పేడు గుచ్చుకోవడం లేదు. ఆ ముక్క ఇటివ్వు. క్లాంపేదీ... ఇక్కడే ఉంది, ఎదురుగానే. మంచిది. బిగించాను. స్విచ్చి వెయ్యి.”

“జాగ్రత్త, మార్గిత్.”

“చూశావా! చెక్కకి చెయ్యి తగలకుండానే దిగింది. ఇసుమంత కదిలితే ఒట్టు. చక్కటి కన్నం. ఎవరు చేశారు గున్వోర్, ఈ బల్ల?”

“ఇదిగో, ఈయనే. ఇటు తిరుగు. బాగా చూడు.”

“నేనే, మార్గిత్. నేనే చేశాను. నీ కోసం.”

“చేతులు చూపించండి. ఆ, బొబ్బలు, కాయలు. పనిచేసిన చేతులివి. మంచి మేస్త్రీ, గున్వోర్. ఎక్కడ పట్టావు ఈయన్ని?”

“మార్గిత్, ఈయన... యోస్తా.”

“యోస్తానా? ఏడీ?”

“నేను. నేను యోస్తాని.”

“బాగుంది పరాచికం! మా యోస్తాకి సుత్తి ఎటు పట్టుకోవాలో తెలీదండీ. వచ్చి ఆ గుమ్మంలో కాఫీ ఫ్లాస్కు పట్టుకుని నిలబడతాడు, అంతే. ఒక్క చెక్కముక్క ముట్టుకోనివ్వను నేను. వేలు కోసుకుంటాడని భయం.”

“అను, మార్గిత్. దేన్నీ ముట్టుకోకు అను. ఒక్కసారి. ‘యోస్తా, దేన్నీ ముట్టుకోకు...’”

“మిమ్మల్నెందుకంటానండీ ఆ మాట? మీరు ఏదైనా ముట్టుకోవచ్చు. ఈ గది మీదే అనుకోండి.”

“యోస్తా గారూ, కూచోండి. ముందు కూచోండి.”

“ఏమైందాయనకి? ముఖం అలా పాలిపోయిందేం? పని ఎక్కువై ఉంటుంది. కాస్త కాఫీ తాగితే సర్దుకుంటారు, మా ఆయన బాగా పెడతాడు. మేస్త్రీ గారూ, మరోలా అనుకోకపోతే, ఓపిక వచ్చాక పైకెళ్ళి ఆయన్ని పిలుచుకొస్తారా? ఈమధ్య ఎవరో ముసలాయన మా ఇంట్లో తిష్ట వేశాడు, ఆయన దగ్గర మా యోస్తాని ఒక్కణ్ణే వదిలేసి వచ్చాను.”