ర్యాంపు మీద భుజం

హలో... ఆ, నేనేనండి కృపారావు సార్, మేస్త్రీ దశరథరామయ్యని. రేపల్లె మిల్లులో ఈ టైముకి ఫోనెత్తేవాడు నేను గాక ఇంకెవడుంటాడు...

కాలేజీ నుంచేనా? బాపట్లలో వానా? ఇక్కడ చుక్క లేదు.

...

బండా? దివ్యంగా ఉంది. గోనెపట్టా కప్పి గోడౌనులో పడుకోబెట్టా, బాలింతని పడుకోబెట్టినట్టు. బ్యాటరీ ఛార్జింగులో ఉంది. పొద్దున్నే ఇంకోసారి పెడతా.

రేపు పదకొండింటికి. గుర్తుంది సార్. మద్రాసు కంపెనీవాళ్లు తెనాలిలో రైలు దిగి కారులో వస్తారు... ఆ, ఇప్పుడు చెన్నై అనాలట కదూ. మన షావుకారు గారు మాత్రం మద్రాసే అంటారు. వాళ్లకి కొబ్బరి బోండాలు కూడా చెప్పారాయన. మనిషి తోడు లేకుండా తన దారి తనే చూసుకుని బస్తాలు మోసే బండి! వాళ్లకి నచ్చిందా, మీ ఉద్యోగం పర్మనెంటు. నచ్చలేదా... అబ్బే, నా నోరు మంచిది కాదు. నాలుగేళ్లుగా టెంపరరీగా పాఠాలు చెబుతున్నారు, ఆమాత్రం తెలీదా నాకు.

...

దారి గురించా? చెప్పండి.

...

ర్యాంపు! ర్యాంపు మీదుగానే వెళ్తుందన్నమాట. గోడౌను నుంచి ధాన్యం పోసే చోటికి మూడు దారులు. బాయిలరు వెనక చుట్టుదారి, ఆరబోసే చప్టా, ర్యాంపు. మూడింట్లో బ్యాటరీని తక్కువ తాగేది ర్యాంపేనని మీ కంప్యూటరు నేర్చుకుంది...

ఎవరు నేర్పితే నేర్చుకుంది సార్? మూడు నెలలు. రోజుకి నలభై ట్రిప్పులు. బండి కదిలే ముందు మీటరు చూసి రాయడం, ఆగాక మీటరు చూసి రాయడం. ఆదివారం ఆదివారం మీరొచ్చి ఆ నోటుపుస్తకాలు పట్టుకెళ్లి దానికి ఎక్కించడం. ఆరో తరగతి తప్పినోడి చేతిరాత తిని పెరిగింది సార్ మీ కంప్యూటరు... నవ్వుతున్నారా. నవ్వండి, నవ్వండి.

...

లేదు లేదు. ఒక్క అంకె కూడా తప్పు రాయలా. మీటరు ఏం చూపిస్తే అదే రాశా. ఎవరి మీద ఒట్టేయమన్నా వేస్తా.

కాకపోతే ఒకటుంది... ఫోనులో చెప్పాలా వద్దా అని...

చెప్పమంటారా.

నేర్పేటప్పుడు బండిని నడిపే వైరు స్విచ్చి పట్టుకుని వెనక నడిచిందెవరు? మా ముఠాలో జకరయ్య. ముప్ఫై ఏళ్లు బస్తాలు మోసినవాడు. బరువుతో బండి ఎత్తెక్కుతుంటే చేతులు ముడుచుకుని నడవగలడా సార్ అట్టాంటి మనిషి? వాడి ఒళ్లు ఊరుకోదు. కుడిచేత్తో స్విచ్చి నొక్కేవాడు, ఎడం భుజం బండికి ఆనించేవాడు. ర్యాంపు మొదలు నుంచి పైదాకా.

...

నిజమేనా అంటారా?

అవునండి. మూడు నెలలూ.

ఎన్నిసార్లంటే ఏం చెప్పను, ఎక్కినన్నిసార్లూ. మీ మీటరుకి బ్యాటరీ సంగతి తెలుస్తుంది గానీ జకరయ్య భుజం సంగతి ఎట్టా తెలుస్తుంది? సగం బరువు వాడు తోశాడు. మీ కంప్యూటరేమో, ఆహా, ర్యాంపు ఎంత తేలికో అనుకుంది.

...

నాకా? మొదటి వారమే తెలుసు.

అరవకండి సార్. పక్కన స్టూడెంట్లు ఎవరైనా వింటారు.

ఎందుకు చెప్పలేదంటే... చెప్పబోయా. "మేస్త్రీ, నువ్వు రాయడం వరకే చూడు, ఆలోచించేది కంప్యూటరు" అన్నారు మీరు. ముఠా అంతా అక్కడే ఉంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వా.

మీరు గీసిచ్చిన పుస్తకంలో గళ్లు నాలుగు. తేదీ, దారి, ముందు మీటరు, వెనక మీటరు. భుజానికి గడి లేదు సార్.

...

అనుమానం అక్కర్లేదు, నిన్న వదిలి చూశాలెండి. రెండు బస్తాలు వేసి, ఎవరూ చెయ్యి వెయ్యకుండా. సగం దాకా ఎక్కింది. అక్కడ మూలిగింది. చక్రాలు ఉన్నచోటే తిరిగి, వెనక్కి జారి గోడౌను గోడకి గుద్దుకుంది. అక్కడ ఊడుస్తున్న ఆదిలక్ష్మి చీపురు పారేసి ఒకటే పరుగు. నవ్వలేక చచ్చా.

...

చుట్టుదారిన పంపుతారా? పంపండి. మరి మద్రాసుకు పంపిన కాగితాల్లో ర్యాంపేనని రాశారుగా. మనుషులకి తట్టని దారి కంప్యూటరుకి తట్టింది అని షావుకారు గారికి చదివి వినిపించారు. ఆ కాగితం చివరే కదండీ, ఈ బండి వస్తే ముఠాలో ఆరుగురూ, మేస్త్రీ అక్కర్లేదని రాసింది? మీరు చదువుతుంటే పక్క గదిలోనే ఉన్నాలెండి. ఈ నెలాఖరుతో మాకు సరి. ఇరవై రెండేళ్లు నాకిక్కడ.

...

ఊఁ.

...

మళ్లీ నేర్పుతారా? మూడు నెలలు పట్టింది సార్. రేపు పదకొండింటికే మరి.

మీరు తోస్తారా? మీరు వాళ్ల పక్కన నిలబడి ఇంగ్లీషులో చెప్పాలి కదండీ.

...

ఏంటి? కాస్త గట్టిగా.

జకరయ్యని రేపు వెనక నడవమనాలా... ఊరికే నడుస్తున్నట్టు నడిచి, ర్యాంపు దగ్గర భుజం ఆనించాలి... ఓహో. వాళ్ల కంట పడకుండా.

చదువుకున్నోళ్లు సార్ మీరు. నాకా తెలివి ఏడిస్తే ఇట్టా ఎందుకుంటా.

...

జకరయ్యని పనిలో ఉంచమని షావుకారు గారితో చెబుతారా? కాగితం రాసిస్తారా కూడా! మంచిదే... వాడొక్కణ్ణేనా?

...

నా సంగతి మీ చేతిలో లేదు. ఆహా. లేదు లెండి, ఊరికే అడిగా.

ఉండండి, వెనక లోడు దించుతున్నాడు, కిటికీలోంచి కేకేస్తా. ఫోను అరచేత్తో మూస్తున్నా. మిల్లు మోతకి మీ చెవులు చిల్లులు పడతాయి.

— జకరయ్యా! ఓ జకరయ్యా, ఇటు రా... కృపారావు సారు. రేపు బండి ర్యాంపు ఎక్కదేమోనని బెంగ పెట్టుకున్నాడు... ఏంటి, నువ్వొస్తావా? మన పని ఊడగొట్టింది ఆయనేనయ్యా... "బండి జారుతుంటే చూస్తూ ఎట్టా ఉంటాం" అంటావా. పాపం కుర్రాడా? ముప్ఫై రెండేళ్లవాడు కుర్రాడేంటి... సరే, వస్తావు. చర్చికి వేసుకెళ్లే చొక్కా వేసుకుని వస్తావు, సరే. ముందు వెళ్లి కుండలో నీళ్లు ముంచుకురా, గొంతెండిపోయింది. వెళ్లు.

...

హలో సార్. అడిగా.

రానంటున్నాడండి.

...

పని ఉంటుందని కూడా చెప్పా. గడ్డం పట్టుకుని బతిమాలా. "నా భుజం నా ఇష్టం" అన్నాడు.

...

మాట్లాడతారా? వెళ్లిపోయాడే. సాయంత్రం రైలుకి. ఇల్లా... ఏ పల్లెటూరో, నాకేం తెలుసు.

మిగతావాళ్లా? వాళ్లని మీరే అడగాలి సార్. అక్కర్లేదని రాసింది మీరు కదా, నేను కాదుగా.

...

ఏంటండీ, ముక్కు చీదుతున్నారు? జలుబా? వానలో తడిశారా?

...

ఛార్జింగు మాత్రం నిండుగా పెడతా. అది నా పని. బోండాలు చల్లగా ఉంటాయి, దాని గురించి దిగులు పడకండి... ఆ. ఆ. ఉంటానండి. పెట్టేస్తున్నా.

— తెచ్చావా, ఇటివ్వు... సారా? పెట్టేశాడు. నిన్ను రావద్దన్నాడు జకరయ్యా. పెద్దమనుషుల ముందు నువ్వు కనపడితే ఆయనకి చిన్నతనమట. ఇంటికి పో.