వెళ్తున్నా, వెళ్తున్నా

యార్క్‌షైర్‌లో ఒక ఊరి సమావేశ మందిరం. సాయంత్రం ఆరున్నర, సన్నటి జల్లు. ఊళ్ళో గడ్డి మీద బంతులు దొర్లించి ఆడే బౌల్స్ మైదానాన్ని తీసేసి కార్లు నిలిపే చోటు చెయ్యాలా వద్దా అని లోపల సభ. క్లిఫర్డ్ వచ్చేసరికి తలుపు ముందు హొరేస్ నిలబడి ఉన్నాడు. ఇద్దరికీ పదకొండేళ్ళుగా మాటల్లేవు. ఈ పావుగంటగా మాత్రం ‘వెళ్తున్నా’ అన్న ఒక్క మాటే ఇద్దరి మధ్యా అటూ ఇటూ తిరుగుతోంది.

“వెళ్తున్నావా లోపలికి, హొరేస్?”

“వెళ్తున్నా.”

“మరి వెళ్ళు.”

“వెళ్తున్నానని చెప్పాగా, క్లిఫర్డ్!”

“పావుగంట నుంచీ అదే మాట. కాళ్ళు మాత్రం కదలవు.”

“నువ్వూ ‘వెళ్తున్నా’ అన్నావు. గొడుగైనా మడిచావా?”

“వెళ్తున్నా అంటే వెళ్ళే పనిలో ఉన్నానని. వెళ్ళిపోయానని కాదు.”

“నేనూ ఆ పనిలోనే ఉన్నా.”

“సరే, ముందు నువ్వు.”

“అబ్బే, ముందు తమరు.”

“నీ మర్యాద తగలెయ్య! నేను లోపలికెళ్ళి నోరు తెరవగానే వెనకాలే వచ్చి అడ్డం చెబుతావు, అంతేగా?”

“నేను ముందు వెళ్తే నువ్వు చేసేదీ అదేగా! ఓ పని చేద్దాం. నువ్వు వెళ్ళకు, నేనూ వెళ్ళను. నీ మాటకీ నా మాటకీ చెల్లు.”

“ఒట్టు?”

“ఒట్టు. ...ఆగు, కదిలావేం?”

“కాలు తిమ్మిరెక్కింది.”

“తిమ్మిరికాలు తలుపువైపే పోతుందా?”

“నువ్వు తలుపు పిడి మీద చెయ్యెందుకేశావు?”

“జారిపడతానేమోనని. నాకు డెబ్బై ఎనిమిది.”

“నాకు డెబ్బై తొమ్మిది. నేను పిడి పట్టుకున్నానా?”

“నీకేం, నువ్వు దారాలు పట్టుకుంటావు. పదకొండేళ్ళ కిందట ఆ ఫైనల్లో గురిబంతికి నా బంతే దగ్గరుంది. నువ్వు దారం సాగదీసి కొలిచి నీదే దగ్గరన్నావు.”

“సాగదియ్యలేదు!”

“సాగదీశావు. ఆ తర్వాత ఆ గడ్డి మీద మళ్ళీ కాలు పెట్టావా?”

“నువ్వు పెట్టావా?”

“ఎవడితో ఆడమంటావ్?”

“...అదీ నిజమే. సర్లే, ఇప్పుడు మైదానం తీసేస్తే నీకు హాయి. కొత్త కారు కొన్నావు, పెట్టుకోడానికి చోటు కావాలి.”

“అది మా అల్లుడిది! కార్లకి చోటుంటే బావుండునని పబ్బులో అరిచింది నువ్వు.”

“ఆ రోజు పబ్బు ముందు చోటు దొరక్క అరిచా. ఆ విసుగుని పట్టుకుని... ఉండు, ఎవరో తలుపు తీస్తున్నారు.”

“అయ్యో, మీరా! ఇంతసేపూ ఈ జల్లులో నిలబడ్డారా?”

“బ్రెండా, సభలో జరిగేది రాసుకునేదానివి, నువ్వు బయటికొచ్చావేం? సభ మొదలవలేదా?”

“అయిపోయింది, క్లిఫర్డ్ గారూ. మైదానం తీసేస్తున్నారు. సోమవారం తవ్వకం.”

“ఇంకేం హొరేస్, పండగ చేసుకో.”

“పండగా? తీసెయ్యొద్దని చెప్పడానికొచ్చానయ్యా నేను!”

“నువ్వా?”

“నేనే. పొద్దుటి నుంచీ అద్దం ముందు నిలబడి మాటలు బట్టీ పట్టా.”

“నేనూ వద్దనడానికే వచ్చా. ఇదిగో, రెండు పేజీలు రాసుకొచ్చా. తడిశాయి గానీ.”

“చూడనీ. ‘ఈ ఊళ్ళో హొరేస్ అంతటి ఆటగాడు...’ ఇది నా పేరేనా?”

“ఇంకెంతమంది హొరేసులున్నారు ఇక్కడ? ఇటివ్వు.”

“ముందే చెప్పొచ్చుగా, మొండిఘటం!”

“నువ్వడిగావా?”

“పోనీలే క్లిఫర్డ్. ఊరంతా ఒకవైపుంటే ఇద్దరు ముసలాళ్ళ వల్ల ఏమయ్యేది? ఎన్ని ఓట్ల తేడాతో పోయింది, బ్రెండా?”

“ఓట్లెక్కడివండీ! ఒక్కరు వద్దన్నా ఆపేస్తానంటూ అధ్యక్షులవారు మూడుసార్లు అడిగారు. లోపల ఆయనా, నేనూ తప్ప ఎవరూ లేరు.”