సింహం ముద్ర చెంచాలు

అచ్చమ్మ సంచీ కింద పెట్టండి! మిమ్మల్నేనండీ, పెట్టండి కింద! మన అంట్లు తోమి పోయే మనిషి సంచీ వెతకడానికి మీకు చేతులెలా వచ్చాయండీ?

నువ్వు వెళ్లు అచ్చమ్మా. ఇది మొగుడూపెళ్లాల గొడవ.

ఏంటా చూపు? చెంచాలు కనపడలేదనేగా? వాటిని చూడ్డానికి హైదరాబాదు నుంచి కారేసుకొచ్చినాయన హాల్లో కూర్చున్నాడు. తీరా పెట్టె తెరిస్తే ఉత్త మఖమల్ గుడ్డ. అయ్యో పాపం!

మెల్లిగా మాట్లాడాలా? ఎందుకూ? వింటే విననివ్వండి. మా అమ్మనడిగిన రోజున వీధి వీధంతా వినలేదూ?

మీరు మర్చిపోయారేమో, నేను మర్చిపోలా. దొరల కాలం నాటి చెంచాలు, అసలు సిసలు స్టెర్లింగ్ సిల్వరు, వెనకాల సింహం ముద్ర! బందర్లో పాత కొంపలన్నీ తిరిగి ఏరుకొచ్చారు. నన్నొక్కనాడు ముట్టుకోనిచ్చారా? వాటిలో ఒకటి తగ్గింది. ఆవేళే మా అమ్మ మా ఊరు మొవ్వ బయల్దేరింది, మనకి ఆవకాయ తెచ్చిన జాడీ కడిగి చంకనెట్టుకుని. గుమ్మంలో ఆపి, "ఓసారి ఆ జాడీ ఇటివ్వండి అత్తయ్యగారూ" అన్నారు. అల్లుడయ్యుండి, మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతికారు!

ఆవిడ మళ్లీ ఈ గడప తొక్కితే ఒట్టు. పోయేటప్పుడు కూడా "నేను తియ్యలేదే సులోచనా" అంటూనే పోయింది.

మొన్న వేసవిలో గుడివాడ పెళ్లికెళ్లాం కదా. మీ స్నేహితుడు శివరామయ్యగారు మురిసిపోతూ ఓ చెంచా చూపించారు. అదే సింహం! "మా గోవర్ధనరావే ఇచ్చాడమ్మా, నా దగ్గర డచ్చివాళ్ల కాలం నాణెం పుచ్చుకుని. ఇచ్చిన సంగతి మర్చిపోయి ఇంట్లో ఏదో గొడవ చేశాట్ట. గుర్తొచ్చాక, మా ఆవిడకి చెప్పకురా అని ఒట్టేయించుకున్నాడు. ఇన్నేళ్ల తర్వాత ఇంకేం ఒట్టులే" అని నవ్వారు.

నేనూ నవ్వాను. ఇంటికొచ్చి ఆవకాయ పెట్టాను.

కంగారు పడకండి, మనం తినేది వేరే జాడీ. అటకమీది దాంట్లో ఉప్పూ, కారం, ఆవపిండీ, నూనే అంతా అమ్మ కొలతే. మామిడి ముక్కల బదులు మీ చెంచాలు. ఉప్పు తగిలితే వెండి పాడైపోతుందని మీరేగా నాకు పాఠం చెప్పారు! ఇన్ని నెలలు ఊరాయి, ఇంకా సింహం మిగిలుంటే ఆయనకి చూపించుకోండి.

ఇదిగో, దింపాను. గరిటెందుకండీ? చెయ్యి పెట్టండి. ఊఁ, మోచేతి దాకా.

మండుతుందా? మండనివ్వండి. మా అమ్మకి కాటికెళ్లేదాకా మండింది.